కల్లు మానేసిన మూడో రోజు



మత్తుమందులు అనగానే మనకు ముందు నగరం గుర్తొస్తుంది. పబ్బులు, కాలేజీ హాస్టళ్లు, పోలీసులు పట్టుకున్న పొట్లాలు గుర్తొస్తాయి. అది డబ్బున్న పిల్లల సంగతి, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ మన పల్లెల్లో, మన బస్తీల్లో పొద్దుగూకే వేళకు సీసాల్లో పోసి అమ్మే మత్తుమందు ఒకటుంది. తాగేవాళ్లకు అది మత్తుమందని తెలియదు. నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు తాగుతారు. తాపీ పని చేసి వచ్చిన మగవాళ్లు తాగుతారు. ముసలివాళ్లు కాళ్ల నొప్పులు తగ్గుతాయని తాగుతారు. తెలంగాణ జిల్లాల్లో దానికి మందు కల్లు అని పేరు. కాగితాల మీద కల్తీ కల్లు అంటారు.

దీని గురించి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇవాళ నేను ఒక్క సంగతే గట్టిగా చెబుతాను. మందు కల్లుకు అలవాటు పడ్డ మనిషిని ఒక్కసారిగా మాన్పించకండి. ఇంట్లో పెట్టి, సొంతంగా మాన్పించకండి. ఆస్పత్రికి తీసుకెళ్లి మాన్పించండి. మళ్లీ చెబుతున్నాను. మానాల్సిందే. అందులో సందేహం లేదు. కానీ ఒక్కసారిగా వద్దు, ఇంట్లో వద్దు, డాక్టరు లేకుండా వద్దు. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

ముందు చెట్టు కల్లు సంగతి. గీత కార్మికుడు మోకు వేసుకుని తాడిచెట్టు ఎక్కుతాడు. గెల గీసి లొట్టి కడతాడు. తెల్లవారకముందు దించిన నీరా తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ అది పులుస్తుంది. పులిసేకొద్దీ అందులో ఆల్కహాల్ పెరుగుతుంది. బాగా పులిసిన కల్లులో కూడా అది సాధారణంగా నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. అది కూడా రోజూ తాగితే ఒంటికి చెడుపే. కాదనను. కానీ తరతరాలుగా మన ఊళ్లలో ఉన్నది ఆ కల్లే. దేవతకు సాక పోసినా, చుట్టం వచ్చినా, చావింట్లో దినం చేసినా ఆ కల్లే ఉండేది. చెట్టు మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకున్న గీత కార్మికులు ఎంతమందో. వాళ్ల కష్టాన్ని నేను తప్పు పట్టడం లేదు. నిజానికి ఈ కల్తీ వల్ల ముందుగా దెబ్బతిన్నది నిజాయతీగా చెట్టెక్కే ఆ గీత కార్మికుడే. ఎందుకంటే రోజూ తాగేవాళ్లకు ఇప్పుడు అతని చెట్టు కల్లు చప్పగా అనిపిస్తోంది.

చెట్టుకు ఒక కాలం ఉంటుంది. ఈత చెట్టు ఎక్కువగా చలికాలంలో పారుతుంది. తాడిచెట్టు ఎండాకాలంలో పారుతుంది. ఒక్కో చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే. మరి దుకాణంలో ఏడాది పొడుగునా, వానాకాలంలో కూడా, సీసాలకు సీసాలు ఎలా దొరుకుతున్నాయి? హైదరాబాద్‌లో 2004లో మూతపడిన కల్లు కాంపౌండ్లు తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. నగరంలో తాడిచెట్లు ఎన్ని మిగిలాయో మీరే చూస్తున్నారు. చెట్లు లేని చోట అంత కల్లు ఎక్కడి నుంచి వస్తుంది?

ఏమవుతుందంటే, కొద్దిగా కల్లు ఉంటే దానికి నీళ్లు కలుపుతారు. తీపి కోసం సాక్రిన్ వేస్తారు. నీళ్లు కలిపితే మత్తు పోతుంది కదా. ఆ మత్తు కోసం మందు కలుపుతారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ ఎక్కువగా కలిపేవారు. అది 1869లో ఐరోపాలో నిద్రమందుగా వాడుకలోకి వచ్చిన రసాయనం. అంతకన్నా మంచి మందులు వచ్చాక డాక్టర్లే దాన్ని దాదాపు వదిలేశారు. డైజిపామ్ అనే మరో మత్తుమందూ కలుపుతారు. ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్న పేరు అల్ప్రాజోలం.

అల్ప్రాజోలం చెడ్డ మందేమీ కాదు. విపరీతమైన ఆందోళన ఉన్నవాళ్లకు డాక్టరు రాసే మందు అది. కానీ ఎంత రాస్తారో వినండి. ఒక మాత్రలో పావు మిల్లీగ్రాము, లేదా అర మిల్లీగ్రాము ఉంటుంది. అర మిల్లీగ్రాము అంటే ఒక గ్రాములో రెండు వేలో వంతు. అంత చిన్న మాత్ర కూడా డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఈ లెక్కన ఒక కిలో అల్ప్రాజోలం పొడి అంటే 20 లక్షల మాత్రలతో సమానం. అలాంటి పొడిని డ్రమ్ములోకి చెంచాతో వేసి కర్రతో తిప్పితే, ఏ సీసాలోకి ఎంత వెళ్లిందో ఎవరికి తెలుసు? కలిపినవాడికే తెలియదు. తాగేవాళ్లకు అసలే తెలియదు. ఇవాళ తాగిన రెండు సీసాలు, రేపు తాగే రెండు సీసాలు ఒకటి కావు.

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారు చేస్తూ దొరికిపోయారు. కింద పిల్లలు చదువుకుంటున్నారు, అదే భవనంలో పైన ఈ మందు వండుతున్నారు. అది వెళ్లేది కల్లు దుకాణాలకే అని అధికారులు చెప్పారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అల్ప్రాజోలం వంద గ్రాములు దాటి పట్టుబడితే పదేళ్లకు తక్కువ కాకుండా జైలు పడుతుంది. చట్టం అంత గట్టిగా ఉంది. అయినా సీసా మన వీధిలోకి వస్తూనే ఉంది.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. లచ్చవ్వ అని ఒకావిడ ఉందనుకుందాం. పేరు నేను పెట్టిందే. ఇలాంటి లచ్చవ్వ మీ వాడలోనూ ఉంటుంది. యాభై ఏళ్లుంటాయి. కూలికి పోతుంది. పదేళ్లుగా రోజూ సాయంత్రం రెండు సీసాలు తాగుతుంది. ఎవరితోనూ గొడవ పడదు. తాగి, ఇంత తిని పడుకుంటుంది. కొడుకు ఆటో నడుపుతాడు. తల్లి రోజురోజుకూ మరిచిపోతోంది, సన్నబడుతోంది, నడుస్తూ తూలుతోంది అని గమనించాడు. ఒకరోజు గట్టిగా పట్టుకున్నాడు.

"అవ్వా, రేపటి సంది సీసా ముట్టినవంటే నా మీద ఒట్టే" అన్నాడు.

"ముట్టనురా కొడుకా. నువ్వు చెప్పినంక ఎందుకు ముడ్త" అంది ఆవిడ. మనసారా అంది. మాట మీద నిలబడింది కూడా.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. అలవాటు తప్పింది కదా, అంతే అనుకున్నారు. రెండో రోజు చేతులు వణికాయి. చాయ గ్లాసు పట్టుకోలేకపోయింది. ఒళ్లంతా చెమటలు. గుండె దడదడలాడింది. మూడో రోజు పొద్దున చీర కొంగు మీద నుంచి ఏవో దులపడం మొదలుపెట్టింది. "చీమలు, చీమలు" అంటోంది. అక్కడ చీమల్లేవు. సాయంత్రానికి ఎప్పుడో చనిపోయిన భర్తతో మాట్లాడుతోంది. ఎక్కడున్నదీ తెలియడం లేదు. కోడలిని పట్టుకుని నువ్వెవరని అడిగింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. "గాలి సోకింది" అన్నారు ఒకరు. "పిచ్చి లేచింది" అన్నారు ఇంకొకరు. తాయెత్తు కట్టించారు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చింది. నాలుక కొరుక్కుని నోట్లోంచి రక్తం కారింది.

శ్రోతలారా, అది గాలి కాదు. పిచ్చి కాదు. దేవత కోపం కాదు. కల్లులోని మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు మెదడు పడే బాధ అది. దానికి మందుంది. సమయానికి తీసుకెళితే తగ్గుతుంది. తీసుకెళ్లకపోతే ప్రాణం పోవచ్చు.

మరి మందు ఆపితే మెదడు ఎందుకలా అయిపోతుంది? ఎడ్లబండి వాలు దిగడం చూసే ఉంటారు. బరువున్న బండి వాలులో ముందుకు ఉరుకుతుంది. ఎడ్లు వెనక్కి తన్నిపెట్టి ఆ బరువును కాచుకుంటూ మెల్లగా దిగుతాయి. మన మెదడూ అంతే. దానికి ఉరుకూ ఉంది, ఆ ఉరుకును కాచుకునే శక్తీ ఉంది. ఇప్పుడు ఒక మనిషి రోజూ వచ్చి బండికి వెనక తాడు కట్టి లాగి పట్టుకుంటున్నాడనుకోండి. ఎడ్లకు శ్రమ లేదు. నెలలు, ఏళ్లు అలా గడిస్తే ఎడ్లు కాచుకోవడం మానేస్తాయి. ఆ తాడే అల్ప్రాజోలం. ఆ తాడే డైజిపామ్. ఒకరోజు వాలు మధ్యలో ఉన్నట్టుండి తాడు వదిలేస్తే ఏమవుతుంది? బండి ఎడ్ల మీదికి ఎక్కుతుంది. లచ్చవ్వకు వచ్చిన వణుకు, చెమటలు, లేని చీమలు కనబడటం, చివరికి ఫిట్స్, అన్నీ ఆ బండి ఉరుకే. అందుకని డాక్టరు ఏం చేస్తారంటే తాడును కొద్దికొద్దిగా వదులు చేస్తారు. ఇవాళ కొంచెం, నాలుగు రోజులాగి ఇంకొంచెం. ఈలోగా ఎడ్లకు మళ్లీ కాచుకునే బలం వస్తుంది.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతోంది. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను. మూడో రోజు లచ్చవ్వ అలా ఉండగా ఎవరో ఒక సీసా తెచ్చి తాగించారనుకోండి. గంటలో వణుకు తగ్గుతుంది. చీమలు పోతాయి. మనుషులను గుర్తుపడుతుంది. అందరూ ఏమనుకుంటారు? "చూసినవా, కల్లు మానితే మనిషి చస్తది, తాగితే బతుకుతది" అనుకుంటారు. కల్లు ఒంటికి మంచిదన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. కొడుకు కూడా చేతులెత్తేస్తాడు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఒట్టి చెట్టు కల్లు రెండు సీసాలు మానితే మనిషికి లేని చీమలు కనబడతాయా? మానగానే అంత ప్రాణం మీదికి వచ్చిందంటే, తాగగానే అంత తేరుకుందంటే, ఆ సీసాలో ఉన్నది ఒట్టి కల్లు కాదని అర్థం. మీ ఇంట్లో ఎవరికైనా కల్లు ఒకపూట ఆలస్యమైతే చేతులు వణుకుతున్నాయా? దుకాణం ఒకరోజు మూసేస్తే నిద్ర పట్టడం లేదా? వాళ్లు తాగుతున్నది మందు కల్లే అనుకోండి. పరీక్ష చేయించే దాకా ఆగక్కర్లేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు జరిగాయి. మంచి పనే. దుకాణాల్లో మందు కలపడం ఒక్కసారిగా ఆగింది. రెండు మూడు రోజులకే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆస్పత్రులు నిండిపోయాయి. వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం వచ్చారు. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు వచ్చారు. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మళ్లీ 2020 మార్చి ఆఖరులో లాక్‌డౌన్ వచ్చింది. కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు ఇదే బాధతో జనం బారులు తీరారు. రెండుసార్లూ దుకాణం మూయడం తప్పు కాదు. మూసే రోజుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందులు, డాక్టర్లు సిద్ధంగా ఉండాలి. దుకాణాన్ని మూసేవాళ్లు, ఆస్పత్రిని నడిపేవాళ్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇది నా గట్టి అభిప్రాయం. సర్పంచులు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు ఎవరైనా వింటుంటే, మీ ఊళ్లో దుకాణం మూయించాలని పూనుకున్నప్పుడు ఆ సంగతి ముందు మీ ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పండి.

ఇంకో సందర్భం. కార్తీక మాసం వస్తుంది. అయ్యప్ప మాల వేసుకుంటారు. నలభై ఒక్క రోజుల దీక్ష. ఆ పుణ్యంతోనైనా తాగుడు మానేద్దామని ఎంతోమంది ఆ రోజు కోసం చూస్తారు. ఎంత మంచి సంకల్పం! ఇంట్లో వాళ్లకు ఎంత ఆశ! కానీ రోజూ మందు కల్లు తాగే మనిషి మాల వేసుకున్న రోజునే సీసా వదిలేస్తే, రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి చెరువులోకి దిగినప్పుడు వస్తే ఏమవుతుంది? అందుకని స్వాములకు, గురుస్వాములకు నా విన్నపం ఒక్కటే. మాల వేసుకోవడానికి నెల ముందే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన చెప్పినట్టు మందులు తగ్గించుకుంటూ వచ్చి, ఆ తర్వాత దీక్ష తీసుకోండి. గురుస్వామి మాల వేసే ముందు "రోజూ కల్లు తాగుతావా?" అని ఒక్క మాట అడిగితే ఒక ప్రాణం నిలబడుతుంది.

మరో సందర్భం ఆస్పత్రిలోనే వస్తుంది. ఒక తాత కాలు విరిగి ఆస్పత్రిలో చేరాడు. ఆపరేషన్ చేశారు. మూడో రోజు రాత్రి మంచం మీంచి లేచి పోబోతాడు. సెలైన్ పీకేసుకుంటాడు. గోడ మీద ఎవరో ఉన్నారంటాడు. మత్తు ఇంజక్షన్ పడలేదేమో, తలకు దెబ్బ తగిలిందేమో అని డాక్టర్లు వెతుకుతుంటారు. అసలు సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు. తాత రోజూ మూడు సీసాలు తాగుతాడు. సిగ్గుపడి చెప్పలేదు. అమ్మలారా, అయ్యలారా, ఏ జబ్బుకైనా సరే, ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ఆ అలవాటు సంగతి డాక్టరుకు చెప్పండి. ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి, చివరిసారి ఎప్పుడు తాగారు, ఈ మూడూ చెప్పండి. సిగ్గుపడకండి. ఆ మాట ముందు చెబితే డాక్టరు మొదటి రోజు నుంచే జాగ్రత్త పడతారు.

మూడో రోజు, మూడో రోజు అని నేను అంటున్నాను గాని అందరికీ అదే లెక్క కాదు. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది. అందుకని ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డైజిపామ్ చాలా నెమ్మదిగా పోతుంది. అది తాగినవాళ్లకు వారం గడిచాక కూడా మొదలు కావచ్చు. నాలుగు రోజులు బాగానే ఉంది, ఇక గండం గడిచింది అనుకోవద్దు.

ఫిట్స్ వస్తే ఏం చేయాలో చెబుతాను. జాగ్రత్తగా వినండి. మనిషిని పక్కకు, ఒత్తిగిలి పడుకోబెట్టండి. అలా పడుకోబెడితే నోట్లో నురగ బయటికి పోతుంది, ఊపిరికి అడ్డం పడదు. తల కింద మెత్తగా బట్ట పెట్టండి. దగ్గర్లో రాళ్లు, పొయ్యి, సామాను ఉంటే పక్కకు జరపండి. నోట్లో చెంచా పెట్టకండి. వేలు పెట్టకండి. నీళ్లు పోయకండి. చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్కలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగదు. గట్టిగా పట్టుకుని అదమకండి. 108కి ఫోన్ చేయండి. కల్లు మానిన మనిషికి ఫిట్స్ వచ్చిందంటే, అది రెండు నిమిషాల్లో ఆగిపోయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మళ్లీ రావచ్చు కాబట్టి. మరోసారి చెబుతున్నాను. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. 108కి ఫోన్ చేయాలి.

ఆపితే ఎంత ప్రమాదమో చెప్పాను. అలా అని తాగుతూ ఉంటే మేలని అనుకోకండి. ఆల్కహాల్ మీద ఈ మందు పడితే ఊపిరి మందగిస్తుంది. మనిషి గుర్రుగుర్రుమంటూ పడుకుని ఎంత లేపినా లేవకపోతే, అది గాఢనిద్ర అనుకోవద్దు. వెంటనే 108. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి ఎంతోమంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. బీపీ పడిపోయింది. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నిమ్స్‌లో పెట్టి వైద్యం చేశారు. అయినా పలువురు చనిపోయారు. వాళ్లలో చాలామంది రెక్కాడితే గాని డొక్కాడని పేదవాళ్లు.

పసిపిల్లల గురించి ఒక్క మాట. బిడ్డ ఏడుస్తున్నాడని, పడుకుంటాడని, తల్లి పనికి పోవాలని, రెండు చుక్కలు నోట్లో వేసే ఇళ్లున్నాయి. చేతులెత్తి దండం పెడుతున్నాను, ఆ పని చేయకండి. పెద్దవాళ్లకు నిద్ర తెచ్చే మందు చంటిబిడ్డకు ఊపిరి ఆపేస్తుంది. కడుపుతో ఉన్న తల్లి, పాలిచ్చే తల్లి తాగినా అది బిడ్డకు చేరుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మానాలన్నా ఒక్కసారిగా ఆపకూడదు. ఆస్పత్రిలో నర్సమ్మకు చెప్పండి, డాక్టరమ్మకు చెప్పండి.

సరే, ఆస్పత్రికి వెళితే ఏం చేస్తారు? చాలామందికి ఇదే భయం. కరెంటు పెడతారేమో, గదిలో వేసి తాళం పెడతారేమో అనుకుంటారు. అలాంటిదేమీ ఉండదు. బీపీ చూస్తారు. నాడి చూస్తారు. చక్కెర చూస్తారు. కల్లులో ఉన్న మందు లాంటిదే, లెక్క తెలిసిన మాత్ర ఇస్తారు. రోజుకు ఎన్ని ఇవ్వాలో మనిషిని చూసి నిర్ణయిస్తారు. బి-1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తారు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో అది తగ్గిపోయి ఉంటుంది. బాధ ఎక్కువగా ఉంటే కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచుతారు. తక్కువగా ఉంటే ఇంటికి పంపి, వారం వారం రమ్మంటారు. మాత్రలు తగ్గించుకుంటూ వస్తారు. తగ్గించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. తొందరపడకండి. వాలు దిగేది నెమ్మదిగానే.

ఆ మాత్రలు తాగే మనిషి చేతికి ఇవ్వకండి. ఇంట్లో ఒకరు దగ్గర పెట్టుకుని ఏ పూటది ఆ పూట ఇవ్వండి. బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపేయకండి. బాగుంది కదా అని డాక్టరు చెప్పిన రోజులు దాటాక మెడికల్ షాపులో కొని వేసుకోకండి. సీసా పోయి మాత్ర అలవాటైతే చేసిందంతా వృథా. అలాగే, ఊళ్లో కల్లు దొరకడం లేదని పక్క ఊరికి పోయి తాగడం, దానికి బదులు సారా తాగడం, పక్కింటి వాళ్ల నిద్రమాత్రలు అడిగి వేసుకోవడం, ఇవన్నీ ప్రాణాంతకం. ఏ సీసాలో ఎంత ఉందో తెలియదని ఇందాకే చెప్పాను కదా.

ఇంకో భయం పోలీసుల గురించి. డాక్టరుకు చెబితే కేసు పెడతారేమో అని. తాగే మనిషి కల్లు కొనుక్కున్నాడు. మందు కలిపినవాడు వేరు. పైగా అదే 1985 చట్టంలో 64-ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుమందుకు బానిసై, తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో గాని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట గాని వైద్యానికి వచ్చిన మనిషిని, వాడుకున్న నేరానికి శిక్షించకుండా ఆ సెక్షన్ కాపాడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మత్తు అలవాటు వల్ల వచ్చే మానసిక స్థితిని జబ్బుగానే లెక్కించింది. జబ్బున్న మనిషికి వైద్యం పొందే హక్కుంది. ఇంట్లోవాళ్లు కూడా ఇది గుర్తుంచుకుంటే బాగుంటుంది. "నీకు సిగ్గు లేదా", "పిల్లల మొహం చూసైనా మానవా" అని తిడుతుంటాం. లచ్చవ్వ మాట తప్పలేదు. కొడుకు మీద ప్రేమతో మూడు రోజులు ఓర్చుకుంది. ఆవిడకు కావాల్సింది తిట్లు కాదు, ఆటోలో పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి.

వైద్యం అయ్యాక కూడా కొన్ని వారాలపాటు నిద్ర సరిగా పట్టదు. చిరాకు ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు దుకాణం వైపు లాగుతాయి. ఆ వేళకు ఇంట్లో ఎవరో ఒకరు తోడుండండి. వేడిగా అన్నం పెట్టండి. మళ్లీ ఒకసారి తాగినంత మాత్రాన అంతా పోయిందని వదిలేయకండి. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రెండోసారికో మూడోసారికో మానినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎక్కడికి వెళ్లాలి? ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. లేదా జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఎర్రగడ్డ ఉండనే ఉంది. అక్కడికి వెళితే పిచ్చివాళ్లంటారని వెనకాడకండి. వెళ్లలేని వాళ్లు ఫోన్ చేయొచ్చు. నంబర్లు చెబుతాను, పెన్ను తీసుకోండి. మత్తు మాన్పించడానికి సాయం చేసే జాతీయ నంబరు ఒకటి నాలుగు నాలుగు నాలుగు ఆరు. పధ్నాలుగు, నాలుగు వందల నలభై ఆరు. ఖర్చు లేదు. మనసు బాగాలేక మాట్లాడాలనుకుంటే టెలి మానస్. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. పధ్నాలుగు, నాలుగు వందల పదహారు. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చు. తెలంగాణలో ఎవరైనా కల్లులో మందు కలుపుతున్నారని తెలిస్తే ఒకటి తొమ్మిది సున్నా ఎనిమిది, పంతొమ్మిది వందల ఎనిమిదికి చెప్పండి.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మనిషితోపాటు ఇల్లు తెలిసిన ఒకరు వెళ్లండి. ఇప్పటికే వేసుకుంటున్న బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఉంటే అవి సంచిలో పెట్టుకెళ్లండి. వీలైతే పొద్దున్నే, ఓపీ చీటీ ఇచ్చే వేళకే చేరుకోండి. వణుకు మొదలైందంటే మాత్రం ఓపీ దాకా ఆగక్కర్లేదు. ఏ వేళైనా అత్యవసర విభాగానికి వెళ్లండి.